నాలుగు, ఆగి, ఆరు

క్రెస్విక్ నుంచి బల్లరాట్ పద్దెనిమిది కిలోమీటర్లు.
పన్నెండో కిలోమీటరు దగ్గర
నా కొమొడోర్ ఆగిపోయేది.
దగ్గేది కాదు, వణికేది కాదు,
మాట మధ్యలో ఫోను తెగినట్టు
ఊరికే ఆగిపోయేది.

జులై నెల. తెల్లవారుజాము మూడున్నర.
గడ్డి మీద మంచు ఉప్పులా పేరుకుని ఉండేది.
బేకరీలో నేను వెళ్లి తట్టి లేపేదాకా
పిండి ఒక్కతే పొంగుతూ ఉండేది.
పావుగంట చల్లారితే చాలు,
ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది మహాతల్లి.

తొంభై నాలుగు మోడలు.
మూడు లక్షల పదివేల దగ్గర మీటరు కూడా లెక్క మానేసింది.
పేపర్ క్లిప్ వంచి రెండు పిన్నులు కలిపితే
డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటు కన్నుగీటింది:
నాలుగు. ఆగి, ఆరు.
పుస్తకంలో చూస్తే, క్రాంక్ సెన్సర్ దగ్గర్నుంచి కబురు లేదని.

మార్చాం.
మళ్లీ మార్చాం.
మూడోది పాత బండ్ల యార్డులో బేరమాడి తెచ్చి
మోచేయి చెక్కుకుపోయేలా నేనే బిగించాను.
అత్త మీద కోపం దుత్త మీద.

పక్కింటి గ్వెండా పాస్కోకి డెబ్బై ఆరు.
రైల్వే వర్క్‌షాపులో సిగ్నల్ తీగలు కలిపిన చేతులు.
కంచె మీద నుంచి అడిగింది:
"లైటు ఏమంది?"
"సెన్సర్ పోయిందంది."
"అనలేదే. కబురు రాలేదంది, అంతే.
పంపేవాణ్ణి ఎన్నిసార్లు మారుస్తావు?
దారి చూశావా?"

ఆదివారం బానెట్ ఎత్తాం.
తన మీటరు తెచ్చింది, చెక్కపెట్టెలో, పాత ఉన్ని మేజోడులో చుట్టి.
ఈ కొసన ఒక ముల్లు, ఆ కొసన ఒక ముల్లు.
తీగ బాగుంటే కీచుమంటుంది.
కీచుమంటూనే ఉంది.
"చల్లగా ఉన్నప్పుడు అందరూ మంచివాళ్లే,"
అంది గ్వెండా, తలకి ఆరబెట్టుకునే డ్రయ్యర్ నా చేతికిస్తూ.

జిడ్డుపట్టిన జడ విప్పినట్టు
నల్ల టేపు ఊడదీస్తూ పోయాను.
ముప్పై ఏళ్ల వేడికి అది ముదురు పాకమై
గోళ్ల సందుల్లోకి ఎక్కింది.
లోపల తీగలు మాత్రం కొత్త పెళ్లికూతుళ్లు:
వంకాయ రంగు, ఇటుక రంగు,
తెల్లచారల ఆకుపచ్చ.
ఒక్కోదాన్ని వేడి చేసి, జానెడు జానెడు వంచి,
చెవి మీటరుకి అప్పగించి
ఆల్టర్నేటర్ వెనక్కి చేరేసరికి

కీచురాయి నోరు మూసింది.

వదిలితే అరుపు. వంచితే మౌనం.
వదిలాను. వంచాను.
చిన్నపిల్లలా నాలుగైదుసార్లు, ఊరికే.

అక్కడ టేపు కింద టేపు కాదు,
వేలికి వేసుకునే ప్లాస్టరు.
చర్మం రంగుది. మధ్యలో దూది కూడా ఉంది.
ఎవరో తెగిన తీగని మెలిపెట్టి
మందు రాయకుండా కట్టు కట్టారు.
రాగి అంతా చిలుమెక్కి పచ్చబారింది.

తిడదామని నోరు తెరిచాను.
గ్వెండా ఆ మెలికని వెలుతుర్లో తిప్పి చూసి
"ఎడమచేతి వాటం," అంది.
"చీకట్లో చేశారు. చూడు, ఎక్కడ పడితే అక్కడ.
పక్క సీట్లో పర్సు తప్ప పనిముట్టు లేదు పాపం."
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
వాన కూడా పడుతూ ఉండి ఉంటుందేమో.
ఏ ఏడో, ఏ రోడ్డు పక్కనో.
ఇల్లు చేరే ఉంటారు.

చెడిన మేర కత్తిరించి, కొత్త ముక్క అతికి
టంకం వేశాను. వెండిచుక్క జారి
రాగిలోకి ఇంకిపోవడం చూశాను.
గొట్టం తొడిగి డ్రయ్యర్ పెడితే
ఒళ్లు దగ్గర పెట్టుకుని ముడుచుకుంది.
ప్లాస్టరు పారెయ్యలేదు. యాష్‌ట్రేలో ఉంది.

సోమవారం పన్నెండో కిలోమీటరు దగ్గర
అలవాటుగా నా కాలు తేలికైంది.
బండి పట్టించుకోలేదు.
పదమూడు. పద్నాలుగు.
బేకరీ సందులోకి తిరగబోతూ ఇండికేటర్ వేశాను.

కుడివైపుది గబగబా కొట్టుకుంటోంది,
ఎక్కడో ఒక దీపం బదులు పలకడం లేదని.

విన్నానమ్మా, విన్నాను.
ముందు పిండి సంగతి చూడనీ.