మూడు కూతలు

శనివారం. కూలి లెక్కలు తేలాలి.
మీట నొక్కితే పంకా తిరుగుతుంది, తెర వెలగదు.
పెట్టె లోపల ఏదో మూడుసార్లు కూసి
ఊరుకుంటుంది.

బాగుచేసే డిల్లేశు బరంపురం పెళ్ళిలో ఉన్నాడు.
ఫోన్లో బ్యాండుమేళం మధ్యనుంచి అరుస్తున్నాడు:
"ఎన్ని కూతలక్కా? పొడుగా, పొట్టా?"
కోడిపుంజు గురించి అడిగినట్టు.
"మూడైతే ర్యామే. రేకు విప్పి, దాన్ని తీసి
రబ్బరుతో తుడిచి పెట్టీ."

విప్పేను.
పలాస పలాసంతా ఇందులోనే ఉంది:
నాలుగేళ్ళ జీడిపొట్టు, ఎర్రగా, మెత్తగా,
పంకా రెక్కలకి అట్టకట్టి.
ఓ బల్లిగుడ్డు పెంకు కూడా.
కుంపటి ఊదినట్టు ఊదితే
అంతా నా కళ్ళలోకే వచ్చింది.

అరుగు మీద పదకొండుమంది.
"ఏటమ్మా, మా డబ్బులు దాన్లోనే ఉండిపోనాయేటి?"
డబ్బులు కాదు, కిలోలు.
ఎవరు ఎంత ఒలిచారో, గుండెంత, బద్దెంత,
నా బుర్రలో లేదు.
రాసుకునే పుస్తకం మానేసి మూడేళ్ళు.

ర్యాము లాగితే రాలేదు.
గట్టిగా లాగడానికి భయం.
"నువ్వుండు," అంటూ తవిటమ్మ లోపలికొచ్చింది
చేతులు కొంగుకి తుడుచుకుని.
జీడినూనె తినేసిన వేళ్ళు, గోలీల్లా నున్నన.
రేషను మిషను వాటిని ఎరగదు,
నాలుగుసార్లు నొక్కించుకుని
మళ్ళీ రమ్మంటుంది.
గుండు విరక్కుండా పొర తీసే ఒడుపుతో
ఆ చెవి ఒకటి, ఈ చెవి ఒకటి వంచింది.
టక్కుమని లేచొచ్చింది.
"ఇంతేనేటి?" అంది, కొంచెం చిన్నబోయి.

మా బుడ్డోడి రబ్బరు, మామిడిపండు వాసనది,
పసుప్పచ్చ పళ్ళ మీద అరిగేదాకా రుద్దేను.

ఒక్కటే కూత.
తెర మీద తెల్లక్షరాలు.
తారీఖు దగ్గర మాత్రం
2009 జనవరి ఒకటి.
"బిళ్ళ బ్యాటరీ చచ్చిందక్కా, సోమవారం తెస్తాను,"
డిల్లేశు మళ్ళీ మేళంలో మునిగిపోయాడు.

పైకి చదివేను.
"ఆనాటి రేటు కట్టీకమ్మోయ్!"
అరుగంతా నవ్వు.

తవిటమ్మ నవ్వలేదు.
ఏదో లెక్కపెట్టుకుంటోంది.
"అప్పటికి నాను పన్లో సేరనేదు," అంది,
"గీతలుండీవి నా వేళ్ళకి."

ఈరోజు తారీఖు నేనే కొట్టేను, ఒక్కో అంకె.
తర్వాత మొదటి పేరు:
తవిటమ్మ, గుండు, ముప్పై ఎనిమిదిన్నర.