పద్దెనిమిదో, పంతొమ్మిదో

జిలాంగ్‌లో జూలై.
ఆసుపత్రి కిటికీ అవతల కోరియో అఖాతం
నా తెర రంగులోనే ఉంది.

కాలమ్ మెకార్డిల్ కోటు విప్పడానికి
ఎడమ చేత్తో తంటాలు పడ్డాడు.
సాయం చేయబోతే వద్దన్నాడు.
నలభై ఏళ్లు ఉన్నికి తరగతి కట్టిన మనిషి.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పోగు నలిపి
ఎన్ని మైక్రాన్లో చెప్పేవాడట.
ప్రయోగశాల కాగితం ఆనక తీరిగ్గా వచ్చి
తల ఊపేదట.

మణికట్టుకి ఆపరేషనై ఏడు నెలలు.
కుట్లు బాగా మానాయన్నారు అందరూ.
"బాగా మానడమే నా రోగం" అన్నాడు.
రాత్రిళ్లు అరచేతిలో కందిరీగలు.
పగలు వేళ్లకి ఎవరో తొడుగు తొడిగినట్టు
మెరినో అయినా గోనె అయినా ఒకటే.

జెల్ రాశాను, చల్లగా ఉంటుంది, ఏమనుకోకండి.
మనిషి చెవికందని శబ్దం
లోపలికి వెళ్లి తిరిగొచ్చింది.
కేకేసి బదులు వినడమే నా కొలువు.

అడ్డంగా చూస్తే
తేనెపట్టు ముక్కలా నరం, గూళ్లు వాచి.
ప్రోబ్‌ని నిలువుకి తిప్పి
వేళ్లు ముడవండి, చాపండి, మళ్లీ, అన్నాను.
కింద స్నాయువులు చేపల్లా జారాయి.
నరం జారలేదు.
కట్టు విప్పని పడవలా
ఉన్నచోటే వణికింది.

ఏకై వచ్చి మేకవడమంటే ఇదే.
గాయం మూయడానికొచ్చిన మెత్తటి పోగు
నరాన్ని పట్టుకుని దిగబడిపోయింది.
సామెత ఎలాగో అతనికి విప్పి చెప్పాను,
ఏకు అంటే దూదిని ఏకి, చుట్టి...
"ఉన్నినీ అలాగే చేస్తాం" అన్నాడు,
మేకు సంగతి అడగనేలేదు.

"తెగిందా?"
తెగలేదు. చిక్కుకుంది.
ఆ రెండు మాటల మధ్య
ఏడు నెలల ఊపిరి వదిలాడు.

డాక్టర్ సొరెన్‌సెన్ వచ్చింది.
ఈసారి కత్తి లేదు.
తెర మూల నుంచి సూది
తెల్లటి గీతై నడుస్తుంటే
దారిపొడుగునా దీపం పట్టాను.
నరాన్ని పొడవకూడదు, మచ్చని వదలకూడదు.
మందంటే నీళ్లే, కాస్త చక్కెర కలిపిన నీళ్లు.
తెర మీద నీరు నల్లగా ఉంటుంది.
ఆ నలుపు పొర వెనక పొర ఒలుచుకుంటూ
నరం చుట్టూ తిరిగింది.
చాలాసేపు ఏమీ జరగలేదు.
ఆరో మిల్లీలీటరు దగ్గరనుకుంటా,
నరం తేలింది.

గదిలో ముగ్గురం.
ఎవరం మాట్లాడలేదు.

నెలకి మళ్లీ వచ్చాడు, జేబులో ఉన్ని కుచ్చుతో.
కందిరీగలు తగ్గాయి, పోలేదు.
పోగు లాగి, నలిపి, అఖాతం వైపు చూస్తూ
"పద్దెనిమిది... పంతొమ్మిది కావచ్చు.
ఒకప్పుడు అర మైక్రాన్ కూడా వదిలేవాణ్ని కాను."
అది సిగ్గో సంతోషమో
నా యంత్రానికి అందేది కాదు.

మిగిలిన కుచ్చు నాకిచ్చాడు.
పదేళ్లుగా ప్రోబ్ నొక్కుతున్న బొటనవేలు
అందుకోబోయి కలుక్కుమంది.
చూశాడు.
"మరి నీ చెయ్యి ఎవరు చూస్తారు?"

కుచ్చు ఎడమ జేబులో దాచుకుని
తర్వాతి పేరు పిలిచాను.