ఖాళీ పెట్టె

కనజావాలో వాన తెరిపివ్వని మధ్యాహ్నం.
ఇసోబె గారి కొట్లో చెక్కపెట్టె తాడు విప్పాను.
మూత లోపల సిరా రాత: తొలిమంచు.
అడుగున పసుపు గుడ్డ. గిన్నె లేదు.

"భూకంపంలో పోయింది" అన్నాడు.
ధర మాత్రం తగ్గించలేదు.
బేరమాడకుండా కొన్నాను.

ముప్పై ఏళ్లుగా కొంటూనే ఉన్నాను,
బంగారంతో అతికినవి, అంచు వంకరవి,
ఎవరెవరి పెదవులో అరగదీసినవి.
ఒక్కదాన్నీ తడపలేదు, మరక పడుతుందని.

ఇంటికొచ్చి గుడ్డ ఉతికి ఆరేశాను.
ఆరాక మళ్లీ గుండ్రంగానే ముడుచుకుంది,
దేన్నో పట్టుకున్నట్టు.

ఆ రాత్రి అల్మారాలోంచి
అంచు వంకరదాన్ని దించి
వేణ్ణీళ్లు పోశాను.
చిటపటమంది.

వెదురు కవ్వం ఎక్కడ పెట్టానో
ఎంతకీ గుర్తు రాలేదు.