జారుముడి

జనవరిలో ఎక్కించేదేమీ ఉండదు,
మూట ముందే పైన ఉంటుంది, విప్పడమే.
పెంచలయ్య ఏటా చెప్పే మాట ఇది.
ఏటా కొత్తగా విన్నట్టు తలూపుతాను.

వ్యాసర్‌పాడి కార్పొరేషన్ బడి,
తెలుగు మీడియం, మొత్తం పంతొమ్మిది మంది.
ఒకడికి గవదబిళ్ళలు, ఇవాళ పద్దెనిమిది.
పక్క భవనం మెట్ల మీంచి హెచ్చెమ్ కేక:
"కొడి కట్టియాచ్చా?"
తమిళంలో కొడి అంటే జెండా.
మనకేమో ఆరబోయే దీపం
వత్తి కొసన కట్టే మసి.
రెండూ ఈ బడికి సరిపోతాయని
నేను పైకి అనలేదు.

పోయినేడు మంచుకి తాడు బిగిసింది.
కౌన్సిలర్ లాగాడు, మళ్ళీ లాగాడు,
జెండా గబ్బిలంలా వేలాడింది.
పాట ఎత్తుకోవాలో వద్దో తెలీక
పిల్లలు తెరిచిన నోళ్ళతో ఆగిపోయారు.
ఆ రాత్రి పెంచలయ్య అన్నం ముట్టలేదట.

ఈ ఏడు ఆయన వేళ్ళు వణుకుతున్నాయి.
మార్చిలో రిటైర్మెంటు.
తాడు తీసి ఎనిమిదో తరగతి
చెంగమ్మ చేతిలో పెట్టాడు.

"పీటముడి ఎవుడైనా యేస్తాడు పాపా.
గాలికి నిలబడాల,
ఒక్క లాగుడికి రావాల. అదీ పని.
గుడిసెలు తగలబడిన ఏడు
మా గేదెని ఈ ముడే బతికించింది.
పొగలో కళ్ళు కనపళ్ళా,
కొస చేతికి తగిలింది, లాగినా.
పీటముడేసిన పక్కింటోడి గేదె..."
ఆగి, బంతిపూలు తుంచసాగాడు.

చెంగమ్మ కుర్చీ కాలికి కట్టింది, విప్పింది.
నా గొడుగుకి కట్టింది.
తన జడకి కూడా కట్టి చూసుకుంది.

తొమ్మిదింటికి కౌన్సిలర్.
గేటు బయట చెత్త బండి ఆగింది.
రాత్రి డ్యూటీ ఇంకా దిగని చెంగమ్మ తల్లి,
నారింజ కోటు, ఒక చేతికే తొడుగు,
లోపలికి రాలేదు,
కమ్మీల మధ్య నుంచి చూస్తోంది.
పండగ ఆమెకి సెలవు కాదు,
మర్నాటికి రెట్టింపు చెత్త.

లాగాడు.
అర క్షణం ఏమీ కాలేదు.
ఆ అర క్షణంలో
ఉపన్యాసానికి రాసుకున్న రాజ్యాంగం, హక్కులు, త్యాగాలు
అన్నీ మరిచి తాడునే చూశాను.

గుప్పున బంతిరేకులు.
ఒకటి కౌన్సిలర్ కళ్ళద్దాల మీద.
పద్దెనిమిది గొంతులు, రెండు శ్రుతులు.
పెంచలయ్య మాత్రం పైకి చూడలేదు,
కింద వేలాడే తాడు కొసని చూశాడు.

మిఠాయిలు పంచడం అయ్యాక
ఎవరూ చెప్పకుండానే
చెంగమ్మ చీపురు అందుకుంది.
ఆయన లాక్కున్నాడు.
"నీకు తాడిచ్చినా గదా."
వణికే చేత్తో తనే ఊడ్చాడు,
సగం రేకులు గాలికే పోయాయి.

గేటు దగ్గర తల్లి గొంతు:
"ఏం ముడే అది? నాకూ చూపియ్యి."
చెత్త బండి మూత తాడు విప్పి
ఇద్దరూ రోడ్డు మీదే మొదలెట్టారు.
వెనక బస్సు హారన్ మోగుతోంది.
తల్లికి ఇంకా రావడం లేదు,
"మళ్ళీ," అంటోంది చెంగమ్మ.