గీత

జీతం చీటీలు నేనే కొడ్త.
మిర్యాలగూడ బైపాస్ మీద బాయిల్డ్ రైస్‌మిల్లు,
కీబోర్డు సందులల్ల గూడ ఊకే.

బేసిక్ ఆరువేల రెండొందలు.
దాని కింద గీత.
గీత పైదానికే నూటికి పన్నెండు.
కిందున్నయి పీఎఫ్ కంటికి ఆనవు:
ఇంటి కిరాయి, ఓటీ,
నాలుగువేల స్పెషల్ అలవెన్సు.

కిరాయిని, ఓటీని చట్టమే ఇడిసిపెట్టింది.
స్పెషల్‌ను మాత్రం
సేటు చెప్తే నేను కిందికి దించిన.

వడ్లు ఎండబోసే సైదమ్మ
చీటీ తలకిందులు పట్టుకొనొచ్చింది.
"స్పెషలంటే ఏందయ్యా?
నేనేం స్పెషల్ చేసిన?"
"ఏంలే, అందరికీ ఇస్తరు."
"నెలనెలా?"
"నెలనెలా."
"రోజు నాగా వెడితే కోస్తరు గద?"
"కోస్తరు."
"మరి అది కూలి గాదా?"

సొరుగుల పదకొండు పేజీల సర్క్యులర్ ఉంది.
అండ్ల ఉన్నదీ గదే.
చదివి రెండేండ్లాయె.

చీటీ తిప్పి ఆమె చేతిల పెట్టిన.
గిర్నీ మోత మొదలైంది,
నేనేమన్ననో ఆమెకు ఇనవడలే.
నేనేమనలే.

పొద్దుమీకి నా చీటీ తీసిన.
అండ్ల గూడ ఆ గీత
నా చేత్తోనే గీసిందే.