లెన్సు చెమట ఆరేలోగా

ఆగస్టులో ముహర్రక్ సందులోకి
అడుగుపెట్టగానే కెమెరాకి చూపు పోతుంది.
ఏసీ గదిలో చల్లబడ్డ గాజు మీద
సముద్రం వచ్చి కూర్చుంటుంది.
తుడవకూడదు. తుడిస్తే మరకలు.
పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట,
చూపులేని చుట్టాన్ని వెంటబెట్టుకున్నట్టు
దాన్ని మెళ్ళో వేసుకుని
పగడపురాళ్ళ గోడ నీడన నిలబడాలి.

నా బొమ్మలన్నీ ఆ పావుగంటలో పుట్టినవే.
జేబులో దొరికిన రసీదు, మూత పోయిన బాల్‌పెన్ను.
ముందు గాలి ఎటుందో గీస్తాను,
తర్వాత దాన్ని ఆపుతున్న వస్తువుల్ని.
పిల్లి, గ్యాస్ బండ, సున్నం పెచ్చు ఊడినచోట
గోడలోంచి తొంగిచూసే గవ్వ.
లెన్సు తేటపడేసరికి
ఏది ఫొటో అవసరం లేనిదో తెలిసిపోతుంది.

బతుకుతెరువు వేరే.
హైపర్‌మార్కెట్ ఆఫర్ల కరపత్రానికి
ఉల్లిపాయల్ని ఫొటో తీస్తాను.
టమాటాకి ఎరుపు పెంచుతాను,
చచ్చిన చేప కంట్లో వెలుగు చుక్క పెడతాను.
మొదట్లో నిద్ర పట్టేది కాదు.
తర్వాత తెనాలి బాబాయి గుర్తొచ్చాడు.

నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దేవాడు బాబాయి.
మూడు వెంట్రుకల కుంచె నాలిక మీద తడిపి
బోసి చెవులకి దుద్దులు పెట్టేవాడు.
నాలిక ఎప్పుడూ పచ్చగా ఉండేది.
"ఆవిడకి లేవుగా బాబాయ్" అన్నానోసారి.
"ఉన్నది ఫొటో చెప్పింది కదే,
లేనిది ఎవరు చెప్తారు మరి?" అంటూ
అట్టని రెండో చెవివైపు తిప్పుకున్నాడు.

ఈ సందు ఒకప్పుడు ముత్యాల కోసం మునిగినవాళ్ళది.
ఇప్పుడిక్కడ మునిగేది
ఇస్త్రీ ఆవిరిలో ముత్తెన్న ఒక్కడే.
కోరుట్ల అవతల పల్లె. పంతొమ్మిదేళ్ళయింది.
తలలు లేని పెద్దమనుషుల్లా
చుట్టూ తెల్లటి తోబులు వేలాడుతుంటాయి.
ఆ తెలుపంతా వెనక్కి కొట్టి
అతని గడ్డం కింద దీపం పెట్టినట్టుంది, ఆ సాయంత్రం.
అలాంటి వెలుగు కోసం నేను
ఎన్ని శుక్రవారాలు ఊరికే తిరిగానో.

లెన్సు ఆరింది. ఎత్తాను.
అతను చేతిలో ఉన్న తోబుని
మొహానికి అడ్డం పట్టుకున్నాడు.

"మొఖం గొట్టకు బిడ్డా.
ఇంటికాడ సూపర్‌వైజర్నని చెప్పిన.
అల్లునికి గూడ గదే ఎరుక."

మూత పెట్టేశాను. రసీదు తీశాను.
చెయ్యి గీశాను, మణికట్టు మీద పాత కాలుడు మచ్చ,
ఉబ్బిన నరాలు, పెట్టె బరువుకి కాస్త వంగిన భుజం.
మొహం దగ్గర ఆవిరి.
ఆవిరి గీయడమంటే గీయకుండా ఉండడమే.
అది నేర్చుకోడానికే నాకు పదకొండేళ్ళు పట్టింది,
ఆ రోజు మాత్రం దానంతటదే వచ్చింది.

చాలాసేపు చూశాడు.
"నేనేనా గిది?"
మీరే.
గొంతు తగ్గించాడు, ఎవరో వింటున్నట్టు.
"చేతికి గడియారం పెట్టరాదు?"

బాబాయి నాలిక పచ్చదనం
ఎక్కడో నా నోట్లో తగిలింది.
మచ్చ మీదుగా పట్టీ గీశాను, గుండ్రంగా డయలు గీశాను.
టైమెంత పెట్టను?
"మా ఇంటి టైం పెట్టు."

ఇక్కడ నాలుగుంబావు.
ఆరూ ముప్పావు పెట్టాను.

సెకన్ల ముల్లు మరిచిపోయానని చూపించాడు. అదీ పెట్టాను.
ఆ రోజు కెమెరాలో ఒక్క ఫ్రేమూ లేదు.

రసీదు అతని చేతికిస్తూ చెప్పాను:
వేడికి దూరంగా దాచుకోండి,
సెగ తగిలితే నల్లబడిపోతుందీ కాగితం.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి నవ్వాడు.
"అంటే, నా లెక్కనే."