చీటీలో వచ్చిన పక్షం

నోటీసు బోర్డులో "అనుభవం అక్కర్లేదు" అని రాసినారు గనక
పేరిచ్చినాను.
లేకుంటే నేనెందుకు పోతాను,
బళ్లో "హాజర్" అనడానికే
రెండుసార్లు గుటక మింగేదాన్ని.

కడప లా కాలేజీ, మేడమీద చివరి గది.
ఫ్యాను తిరుగుతూ ఏదో గొణుక్కుంటా ఉంది.
కిందంతా నల్ల బండపరుపు.
లోపలికి అడుగు పెడుతూనే తెలిసిపోయింది
అది పాలిషు సరిగా పట్టని సరుకని,
మూడో వరసలో పగిలిన బండనే అతికినారని.
ఆ గదిలో నాకు తెలిసిన సంగతి అదొక్కటే.

మిగతావాళ్లు
తిరుపతి నుంచి, విశాఖ నుంచి కప్పులు తెచ్చినవాళ్లు.
"మోషన్" అంటారు, "రిబటల్" అంటారు,
చెయ్యెత్తి
ఎదుటివాడి వాక్యాన్ని నడిమధ్యలో ఆపేస్తారు.
మా ఇంట్లో అట్లా ఆపితే మొట్టికాయ.
నోట్సు వెనక పేజీలో ఒక్కో మాటా
తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను.
పక్కన కూర్చున్న హవిష అది చూసి నవ్వలేదు,
నా పెన్ను ఆగిపోతే తనది ఇచ్చింది.

నా వంతు వచ్చింది. లేచి మాట్లాడితి.
రెండో వాక్యానికే
అనిరుధ్ చెవులు మూసుకున్నాడు.
"కాశింబీ, ఇది సంత గాదు."
ఓబులేసు సార్ వాచీ చూసుకుంటూ
"ఎవరి మీదమ్మా అంత కోపం?" అన్నాడు.

కోపం గాదు సార్.
యర్రగుంట్ల కాడ మాకు బండల కోత మిషనుంది,
ఒకటే మిషను, అదీ అప్పుది.
ముప్పై ఏండ్లు దాని పక్కన నిలబడి
మా నాయన చెవులు పోయినాయి.
మా ఇంట్లో ఉప్పు కావాలన్నా
వీధి చివరికి వినపడేట్టు అడుగుతాం.
ఇదంతా చెప్పలేదు.
"సారీ సార్" అన్నాను,
అదీ గట్టిగానే.

ఆ పొద్దు నుంచి హాస్టల్లో నీళ్ల ట్యాంకు కింద నిలబడి
మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాను.
మెల్లగా అంటే చిన్నగా గాదంట,
ఆగడమంట.
ఆగిన చోట ఏముంటుందో
మా ఇంట్లో ఎవరికీ తెలీదు.
చప్పుడు ఆగిందంటే
కరెంటు పోయినట్టే మాకు.

పోటీకి చీటీలు తీసినారు.
ఊళ్ల నడుమ ఉండే బండల మిషన్లను
రాత్రిపూట ఆపించాలా, వద్దా.
నా చీటీలో "ఆపించాలి" అని వచ్చింది.
మార్చుకుందామా అని హవిషను అడగబోయి
నోరు మూసుకున్నాను.

ఆదివారం ఇంటికి పోయినాను.
కోత బురద ఆరిన కాళ్లతో
నాయన గడప మీద కూర్చున్నాడు.
ఆయనకు వినపడదు, పెదవులు చూస్తాడు.
ఎదురుగా నిలబడి, ఇంగ్లీషును తెలుగు చేసి
నాలుగు నిమిషాలు చెప్పినాను:
పట్టని నిద్ర గురించి, దుమ్ము గురించి,
పక్కింటి పసిబిడ్డ ఉలికిపాటు గురించి,
యాభై ఏండ్లకే చెవులు పోగొట్టుకున్న ఒకాయన గురించి.
పేరు చెప్పలేదు.

నాయన కదలకుండా చూసినాడు.
"చివర్లో నోరు సరిగా తెరవలా,
ఆడ నాకర్థం గాలా" అని అరిచినాడు.
మళ్లీ చెప్పమన్నాడు. చెప్పినాను.
అంతా అయినాక లేచి, తువ్వాలు దులుపుకుని,
"మరి వాయిదా ఎవుడు కడతాడని అడిగితే
ఏం చెప్తావు?" అని
పోయి స్విచ్చి వేసినాడు.

నా నోట్సులో దానికి జవాబు లేదు.

పోటీ రోజు అవతలి జట్టు అమ్మాయి చెయ్యెత్తి
అదే అడిగింది,
నాయనకన్నా మంచి ఇంగ్లీషులో.
నేను ఆగినాను.
ట్యాంకు కింద నేర్చుకున్న ఆగడం గాదది.
గంట మోగిందాకా
నా కాళ్ల కింది బండ చల్లదనం ఒక్కటే తెలుస్తా ఉంది.

ఓడినాం.
బయట కారందోస తినిపిస్తూ సార్ అడిగినాడు,
"అంత బాగా చెప్తూ చెప్తూ
ఆడెందుకు ఆగినావమ్మా?"

"కరెంటు పోయింది సార్" అన్నాను.

హాల్లో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి గదా అని
సార్ ఇప్పటికీ అడుగుతుంటాడు.